పేరు మారినప్పుడు పేజీ పాడవకూడదు

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ వెబ్‌సైట్లను నిర్వహిస్తున్న అధికారులకు,

జిల్లా పేరు మారినా, సంస్థ పొడిపేరు మారినా, ఒక శాఖ రెండుగా విడిపోయినా ఆ నిర్ణయం జీవో రూపంలో ఒక్కరోజులో వెలువడుతుంది. దాన్ని వెబ్‌సైట్లలోని వేల పేజీల్లో అమలు చేసే పని మీ మీద పడుతుంది, అదీ గడువు పెట్టి. అలాంటప్పుడు ఎవరికైనా ముందుగా తట్టే ఉపాయం ఒకటుంది. సర్వర్లో ఉన్న ఫైళ్లన్నిటి మీదా ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ నడిపి, పాత మాట కనిపించిన చోటల్లా కొత్త మాట పెట్టెయ్యడం. ప్రోగ్రామర్లు రెజెక్స్ అని పిలిచే ఈ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అక్షరాల వరుసను వర్ణించే ఒక నమూనా. ఆ నమూనాకు సరిపోయే వరుస ఎక్కడుంటే అక్కడ పట్టుకుని మార్చడం దాని పని. చాలా శక్తి ఉన్న పనిముట్టు. దాన్ని మానెయ్యమని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. దాన్ని హెచ్‌టీఎంఎల్ సోర్సు మీద నేరుగా నడపవద్దని అడుగుతున్నాను. ముందు పేజీ నిర్మాణాన్ని చదివే పార్సర్ అనే ప్రోగ్రాముతో పేజీని విప్పి, జనం చదివే పాఠాన్ని వేరు చేసి, ఆ పాఠం మీదే రెజెక్స్ నడపాలి. ఆ తర్వాత కూడా ఏ పేజీలో మార్చాలో, ఏ పేజీని ముట్టుకోకూడదో మనిషే తేల్చాలి. ఎందుకింత పట్టుబట్టి అడుగుతున్నానో మనకు తెలిసిన ఉదాహరణలతోనే చెబుతాను.

తెలంగాణ పొడిపేరు మారిన సందర్భాన్నే తీసుకుందాం. 2024 మార్చిలో వాహనాల రిజిస్ట్రేషన్లలో టీఎస్ పోయి టీజీ వచ్చింది. మే నెలలో ప్రభుత్వ శాఖలూ, సంస్థలూ అన్నీ టీజీనే వాడాలని రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి ఆదేశించారు. రెండక్షరాలు తీసి రెండక్షరాలు పెట్టడం, చూడ్డానికి ఇంతకన్నా సులువైన మార్పిడి ఉండదు. కానీ ఆ రెండు ఇంగ్లీషు అక్షరాలను ఒక పేజీ సోర్సులో వెతికితే ఏమేం తగులుతాయో చూడండి. పెద్దక్షరాలు, చిన్నక్షరాల తేడా లేకుండా వెతికితే స్టూడెంట్స్, రిజల్ట్స్, డిపార్ట్‌మెంట్స్, డిస్ట్రిక్ట్స్, గ్రాంట్స్ అన్న మాటల చివర్లన్నీ పట్టుబడతాయి, ఎందుకంటే వాటి స్పెల్లింగులన్నీ టీ, ఎస్‌లతోనే ముగుస్తాయి. పేజీ అలంకారానికి సంబంధించిన ఫైళ్లు ఉండే ఫోల్డర్లకు ఎసెట్స్, స్క్రిప్ట్స్, ఫాంట్స్ అని పేర్లు పెట్టడం ప్రపంచమంతటా ఉన్న అలవాటు. వాటి చివర కూడా అవే రెండక్షరాలు. అవి మారితే పేజీలో రంగులు, అక్షరాల తీరు, మెనూలు అన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి. సరే, పెద్దక్షరాల్లో ఉన్నవే పట్టుకోమందాం. అప్పుడు పూర్తిగా పెద్దక్షరాల్లో పెట్టిన శీర్షికలు దొరికిపోతాయి. మాట మొదట్లో ఉన్నవే పట్టుకోమని నమూనాను ఇంకా బిగిద్దాం. సునామీ అన్న మాటను ఇంగ్లీషులో రాస్తే అది మొదలయ్యేదే టీ, ఎస్‌లతో. విపత్తు హెచ్చరికల పేజీలో చెడకూడని మాట అది. ఇవన్నీ తప్పించుకుని సంస్థల పేర్ల దాకా వచ్చినా సూత్రం నిలవదు. టీఎస్‌పీఎస్సీ కాస్తా టీజీపీఎస్సీ అయింది, సరిగ్గా సూత్రం ప్రకారమే. టీఎస్‌ఆర్టీసీ మాత్రం టీజీఎస్‌ఆర్టీసీ అయింది, మధ్యలో ఎస్ మిగిలింది. ఏ సంస్థ కొత్త పేరు ఏమిటన్నది దాని ఉత్తర్వు చూసి తెలుసుకోవాల్సిందే. అక్షరాల వరుసలోంచి అది బయటికి రాదు.

ఇక లింకుల సంగతి. ఒక నోటిఫికేషన్ పీడీఎఫ్ పేరులో పాత పొడిపేరు ఉందనుకోండి. సోర్సులో లింకు మారిపోతుంది, సర్వర్లో ఫైలు పేరు మారదు. కనిపించే మాట మీద నొక్కిన అభ్యర్థికి ఫైలు దొరకదు. ఈమెయిలు చిరునామా మారిపోతుంది, ఆ పేరుతో మెయిల్‌బాక్స్ ఉండదు. ఇలాంటి తప్పు ఉన్న పేజీ కళ్లతో చూసినప్పుడు ఏ లోపమూ లేనట్టే కనిపిస్తుంది, అందుకే దీన్ని చిన్న విషయంగా చూడలేం. పరీక్షకు దరఖాస్తు గడువు దగ్గర పడ్డాక ఒక అభ్యర్థి ఆ లింకు నొక్కేదాకా తప్పు ఎవరికీ తెలియదు.

నమూనాను ఇంకాస్త జాగ్రత్తగా రాస్తే సరిపోతుంది కదా అని మీ సాంకేతిక సిబ్బంది అడగొచ్చు. కొంతవరకు నిజమే. కానీ అసలు ఇబ్బంది నమూనా నైపుణ్యంలో లేదు. హెచ్‌టీఎంఎల్ సోర్సులో ఒకే అక్షరాల వరుస నాలుగైదు వేర్వేరు పాత్రల్లో ఉంటుంది. ఒకచోట అది చదివే పాఠం, ఇంకోచోట లింకు చిరునామా, మరోచోట బొమ్మకు రాసిన వివరణ, ఇంకెక్కడో ప్రోగ్రాములో ఒక చలరాశి పేరు, లేదా ఎవరో వదిలేసిన కామెంటు. సోర్సు మీద నేరుగా నడిచే రెజెక్స్‌కు ఈ పాత్రలు కనిపించవు, అక్షరాలే కనిపిస్తాయి. ఈ పరిమితి దాని పుట్టుకలోనే ఉంది. 1951లో అమెరికన్ తర్కశాస్త్రవేత్త స్టీఫెన్ క్లీనీ నాడీకణాల గణిత నమూనాలను పరిశీలిస్తూ దీనికి మూలమైన బీజగణితాన్ని తయారు చేశాడు. 1968లో కంప్యూటర్ శాస్త్రవేత్త కెన్ థాంప్సన్ దాంతో పాఠంలో వెతికే పద్ధతిని ప్రచురించాడు. యూనిక్స్‌లో మీ సిబ్బంది రోజూ వాడే గ్రెప్ అనే వెతుకులాట ఆజ్ఞ ఆ దారిలో వచ్చిందే. క్లీనీ బీజగణితంలో జ్ఞాపకానికి హద్దు ఉంది. ఎన్ని పొరలు తెరుచుకున్నాయో గుర్తుంచుకుని, అన్నీ మూసుకున్నాయో లేదో తేల్చడం దానికి సాధ్యం కాదని 1950లలోనే సిద్ధాంతపరంగా స్థిరపడింది. హెచ్‌టీఎంఎల్ నిర్మాణమంతా పొరల మీదే ఉంది. పట్టికలో గడి, గడిలో జాబితా, జాబితాలో మళ్లీ పట్టిక.

పైగా హెచ్‌టీఎంఎల్ రాసేవాళ్లకు చాలా వెసులుబాటు ఇచ్చిన భాష. పేరా ముగింపు ట్యాగు రాయకపోయినా తప్పు కాదు. ట్యాగు లోపల రాసే ఆట్రిబ్యూట్ విలువ చుట్టూ జంట కోట్లు పెట్టొచ్చు, ఒంటి కోట్లు పెట్టొచ్చు, కొన్ని సందర్భాల్లో అసలు పెట్టకపోవచ్చు. కోట్ల లోపల పెద్దది అనే గుర్తు, అంటే ట్యాగును మూసే ఆ కోణపు గుర్తే, నిరభ్యంతరంగా ఉండొచ్చు. కోణపు గుర్తుతో మొదలై కోణపు గుర్తుతో ముగిసేదే ట్యాగు అని రాసిన నమూనా ఆ ఒక్క గుర్తు దగ్గరే దారి తప్పుతుంది. బ్రౌజర్లు మాత్రం తప్పుతడకలతో ఉన్న పేజీని కూడా చదివి చూపించగలవు, ఎందుకంటే చెడిన పేజీని కూడా ఎలా చదవాలో హెచ్‌టీఎంఎల్ ప్రమాణమే అడుగడుగునా నిర్దేశిస్తుంది. అందులో అక్షరాలను ట్యాగులుగా, పాఠంగా విడదీసే మొదటి దశ ఒక్కదానికే 80 స్థితులున్నాయి. పార్సర్ అంటే ఆ నిర్దేశాలన్నిటినీ పాటించే ప్రోగ్రాము. అన్ని స్థితుల పనినీ ఒక వరుస నమూనాతో చేయించబోవడం ఎంత అత్యాశో ఈ అంకె చూస్తేనే తెలుస్తుంది.

ఇది పుస్తకాల్లో మిగిలిపోయే ప్రమాదం కాదు, జరిగిన చరిత్ర ఉంది. యాహూ మెయిల్ ఒకప్పుడు హెచ్‌టీఎంఎల్ రూపంలో వచ్చే ఉత్తరాల్లో హానికరమైన స్క్రిప్టులు పనిచేయకుండా కొన్ని ప్రోగ్రామింగ్ మాటలను వేరే మాటలతో మార్చేది. ఇవాల్ అన్న ఆజ్ఞ బదులు రివ్యూ, మోకా బదులు ఎస్‌ప్రెసో, ఎక్స్‌ప్రెషన్ బదులు స్టేట్‌మెంట్. ఉద్దేశం మంచిదే. కానీ మధ్యయుగానికి సంబంధించినది అనే అర్థంలో వాడే మెడీవల్ అన్న ఇంగ్లీషు మాట స్పెల్లింగులో ఇవాల్ అక్షరాలున్నాయి. దాంతో చరిత్రకారుల ఉత్తరాల్లో ఆ మాట మెడిరివ్యూ అయిపోయింది. 2002లో ఈ సంగతి వార్తల్లోకి వచ్చేసరికి, ఆ పుట్టని మాట ఉత్తరాల్లోంచి ఎన్నో వెబ్ పేజీల్లోకి పాకి ఉంది. గమనించాల్సింది ఏమిటంటే, తప్పు జరిగిన చోట ఆగలేదు. మనుషులు ఆ పాఠాన్ని నమ్మి నకలు చేసుకున్నారు. ప్రభుత్వ పేజీకి ఉండే నకళ్లు ఇంకా ఎక్కువ. పత్రికలు, కోచింగ్ సెంటర్లు, వికీపీడియా, న్యాయవాదుల పిటిషన్లు అన్నీ అక్కడి నుంచే తీసుకుంటాయి.

అక్షరాలు చూసి హెచ్‌టీఎంఎల్‌ను శుభ్రం చెయ్యబోయి భద్రత పోగొట్టుకున్న సందర్భమూ ఉంది. 2005 అక్టోబరులో సోషల్ నెట్‌వర్కింగ్ సైటు మైస్పేస్‌లో శామీ కామ్‌కార్ అనే ప్రోగ్రామర్ వదిలిన పురుగు, అంటే తనంతట తానే నకళ్లు చేసుకునే ప్రోగ్రాము, ఒక్కరోజు లోపే పది లక్షలకు పైగా ప్రొఫైళ్లకు పాకింది. జావాస్క్రిప్ట్ అన్న మాట కనిపిస్తే తీసేసే వడపోత మైస్పేస్‌లో ఉంది. అతను ఆ మాటను మధ్యలో విరిచి రెండు పంక్తుల్లో రాశాడు. వడపోతకు అది వేరే మాటలా కనిపించింది, కొన్ని బ్రౌజర్లు మాత్రం దాన్ని కలిపి చదివి అమలు చేశాయి. బ్రౌజరు చదివే తీరుకీ నమూనా చూసే తీరుకీ మధ్య ఉన్న ఖాళీ ఎప్పుడూ ఇలాంటి వాళ్లకు దారి అవుతుంది. పౌరులు రాసే ఫిర్యాదులు, అభిప్రాయాలు మీ పేజీల్లో చూపించేటప్పుడు ఈ సంగతి మరవకండి.

ఇప్పుడు మన భాష సంగతి. ఇంగ్లీషు పేజీల్లో ఎలాగో నెట్టుకొచ్చే నమూనాలు తెలుగు పేజీల్లో ఇంకా ఘోరంగా విఫలమవుతాయి. దీని మీద మన దగ్గర తగినంత చర్చ జరగలేదని నా అభిప్రాయం. మొదటిది, సోర్సులో తెలుగు అక్షరం ఒకే రూపంలో ఉండదు. త అన్న అక్షరాన్ని నేరుగా రాయొచ్చు, యూనికోడ్‌లో దాని సంఖ్య అయిన 3108తో సంకేతంగా రాయొచ్చు, ఆ సంఖ్యనే షోడశాంశ పద్ధతిలో ఇంకోలా రాయొచ్చు. బ్రౌజరులో మూడూ త గానే కనిపిస్తాయి. తెలంగాణ అన్న మాట కోసం సోర్సులో వెతికే నమూనాకు చివరి రెండు రూపాలూ దొరకవు; పార్సర్ మూడింటినీ త గా మార్చి చేతికిస్తుంది. రెండోది, హైదరాబాద్‌లోని ఐత్వం. దాన్ని ఒకే కోడ్‌తో రాయొచ్చు, లేదా ఎత్వానికి కింది ఐత్వపు గుర్తు కలిపి రెండు కోడ్‌లతో రాయొచ్చు. రెండూ సమానమేనని యూనికోడ్ ప్రమాణం చెబుతుంది. రెజెక్స్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు వరుసలు. వెతికే ముందు పాఠాన్ని ఒకే రూపానికి తెచ్చుకోవడం, అంటే నార్మలైజేషన్ చెయ్యడం, తెలుగులో తప్పనిసరి. ఆ పని సోర్సు మొత్తం మీద చేస్తే లింకులు కూడా మారే ప్రమాదం ఉంది కాబట్టి, పాఠాన్ని విడిగా తీశాకే చెయ్యాలి.

మూడోది మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్న ప్రశ్న. రెజెక్స్‌లో మాట హద్దును సూచించే గుర్తు ఉంది. జావాస్క్రిప్టులో ఆ గుర్తుకు తెలిసిన మాట అక్షరాలు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే. ఖాళీకి, తెలుగు అక్షరానికి మధ్య దానికి హద్దే కనిపించదు, అందువల్ల హద్దు గుర్తు పెట్టి వెతికితే తెలుగు మాట అసలు దొరకదు. పైథాన్‌తో వచ్చే సాధారణ రెజెక్స్ లైబ్రరీకి తెలుగు హల్లులు తెలుసు గానీ గుణింతపు గుర్తులు మాటలో భాగమని తెలియదు. తెలుగు అన్న మాటను దానికిచ్చి మాటలుగా విడదియ్యమంటే త, ల, గ అని మూడు ముక్కలు చేతిలో పెడుతుంది. హద్దు లేకుండా వెతికితే ఏమవుతుందో కడప జిల్లా చూపిస్తుంది. 2010లో అది వైఎస్ఆర్ జిల్లా అయింది, 2025లో వైఎస్ఆర్ కడప జిల్లా అయింది. కడప అన్న మూడక్షరాలు ఉన్న చోటల్లా ముందు వైఎస్ఆర్ చేర్చమని ఆజ్ఞ ఇస్తే, కడపటి తేదీ అని రాసి ఉన్న చోట కూడా వైఎస్ఆర్ చేరుతుంది. అదే ఆజ్ఞ పొరపాటున రెండోసారి నడిస్తే పేరు ముందు వైఎస్ఆర్ రెండుసార్లు పడుతుంది.

నాలుగోది విభక్తులు. వరంగల్‌లో అని కొందరు మధ్యలో కనిపించని అక్షరం, అంటే జీరో విడ్త్ నాన్ జాయినర్, పెట్టి రాస్తారు. కొందరు వరంగల్లో అని ఒత్తుగా రాస్తారు. ఇంకొందరు ఖాళీ వదిలి వరంగల్ లో అంటారు. పేరును హనుమకొండగా మారిస్తే మొదటి రూపంలో ఆ కనిపించని అక్షరం కొండకూ లోకూ మధ్య అలాగే ఉండిపోతుంది. కంటికి తేడా తెలియదు, కానీ తర్వాత ఎవరైనా హనుమకొండలో అని వెతికితే ఆ చోటు దొరక్కపోవచ్చు. సున్నాతో ముగిసే పేర్లు ఇంకో రకం. విశాఖపట్నం అని వెతికే నమూనాకు విశాఖపట్నంలో దొరుకుతుంది, విశాఖపట్నానికి దొరకదు, ఎందుకంటే అక్కడ సున్నా పోయి దీర్ఘం వచ్చింది. సగం చోట్ల కొత్త పేరు, సగం చోట్ల పాత పేరు ఉన్న పేజీ పూర్తిగా పాత పేరున్న పేజీ కన్నా ఎక్కువ గందరగోళం.

ఇవన్నీ సాంకేతికంగా సరిచేసుకున్నా మిగిలిపోయే ప్రశ్న ఒకటుంది, అదే అన్నిటికన్నా బరువైనది. 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లా ఒకటే. అప్పటి పునర్వ్యవస్థీకరణలో ఆ ప్రాంతం నుంచి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ సహా పలు జిల్లాలు ఏర్పడ్డాయి. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లా అయింది. అంటే 2012 నాటి పేజీలో వరంగల్ జిల్లా అని ఉంటే ఒక భూభాగం, 2023 నాటి పేజీలో ఉంటే ఇంకో భూభాగం. 2018 నాటి భూ రికార్డులో ఉన్న వరంగల్ రూరల్ అన్న పేరును ఇప్పటి పేరుతో మార్చితే చదివేవాడికి మేలా, కీడా? అది ఆ పేజీ ఇప్పటి సేవను వివరించేదా, అప్పటి ఉత్తర్వుకు నకలా అన్నదాన్ని బట్టి ఉంటుంది. 2022లో టీఎస్‌పీఎస్సీ పేరుతో వెలువడ్డ నోటిఫికేషన్ ఎప్పటికీ ఆ పేరుతోనే ఉండాలి. 2024కు ముందు టీఎస్ సంఖ్యతో రిజిస్టరైన వాహనం సంఖ్య మార్చుకోనక్కర్లేదు, దాని చలానా పేజీలో కూడా ఆ సంఖ్య మార్చకూడదు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు, విజయవాడ చిరునామాలో కృష్ణా జిల్లా అని ఉన్న పాత ఉత్తర్వు తప్పు ఉత్తర్వు అయిపోలేదు. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ కింద మీరు వెల్లడించే పత్రాలకు విలువ, అవి వెలువడిన నాటి మాటలతో ఉండటంలోనే ఉంది. మూకుమ్మడి మార్పిడి ఆ విలువను ఎవరికీ తెలియకుండా తీసేస్తుంది.

ఇప్పుడు నా వాదనకు ఎదురయ్యే అభ్యంతరాలు. మా పేజీలన్నీ ఒకే టెంప్లేటు నుంచి వచ్చాయి, వాటి నిర్మాణం మాకు తెలుసు, అలాంటప్పుడు రెజెక్స్ చాలదా అని అడిగితే, చాలుతుంది. ఒకే ప్రోగ్రాము తయారు చేసిన పేజీలు, మారేది ఒకే ఒక్క తెలిసిన పంక్తి, మార్పుకు ముందూ తర్వాతా పోల్చి చూసే మనిషి ఉంటే రెజెక్స్ సరైన పనిముట్టే. అక్కడ పార్సర్ కావాలని పట్టుబట్టడం చాదస్తం. కానీ ప్రభుత్వ సైట్లలో ఎక్కువ భాగం అలా లేవు. ఏళ్ల తరబడి వేర్వేరు ఏజెన్సీలు, వేర్వేరు సిబ్బంది, వర్డ్ ఫైళ్ల నుంచి అతికించిన పాఠం, చేత్తో రాసిన పట్టికలు కలిసి పెరిగినవి. వర్డ్ నుంచి అతికించిన చోట ఒకే మాట మధ్యలో కూడా ఫార్మాటింగ్ ట్యాగులు చొరబడతాయి, మాట రెండు ముక్కలవుతుంది. అలాంటి మాట సోర్సులో ఏ నమూనాకూ దొరకదు. పార్సర్ వాడినా పక్కపక్క పాఠపు ముక్కలను కలిపి చూసే జాగ్రత్త అవసరమేనని ఒప్పుకోవాలి.

ఇప్పటి రెజెక్స్‌లు క్లీనీ నాటివి కావు, పెర్ల్ లాంటి భాషల్లో పొరలను కూడా పట్టగలవు అన్నది ఇంకో అభ్యంతరం. నిజమే, పునరావృత నమూనాలు వచ్చాయి. కానీ హెచ్‌టీఎంఎల్ కష్టం పొరలతోనే ఆగదు. రాయని ముగింపు ట్యాగును ఊహించుకోవడం, స్క్రిప్టు లోపల ఉన్న కోణపు గుర్తును ట్యాగుగా చూడకపోవడం, సంకేతాలను అక్షరాలుగా మార్చడం, ఇవన్నీ నమూనాలో ఇరికిస్తే అది ఎవరూ చదవలేనంత పొడవవుతుంది. ఏడాది తర్వాత వచ్చే ఉద్యోగికి దాన్ని ముట్టుకోవాలంటే భయమేస్తుంది. నమూనాలో వెనక్కి వెళ్లి మళ్లీ ప్రయత్నించే అవకాశాలు ఎక్కువైతే సర్వరే మొరాయించవచ్చు. 2016 జూలై 20న ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటు 34 నిమిషాలు ఆగిపోవడానికి కారణం పంక్తి అంచుల్లోని ఖాళీలను తీసే ఒక చిన్న నమూనా. సుమారు 20,000 ఖాళీలు వరుసగా ఉన్న ఒక పోస్టు దాన్ని కూలదోసింది. ఆ నమూనా వెతికిన అక్షరాల్లో మనం తెలుగులో రోజూ వాడే జీరో విడ్త్ నాన్ జాయినర్ కూడా ఉంది. 2019 జూలై 2న వెబ్‌సైట్లకు రక్షణ కల్పించే క్లౌడ్‌ఫ్లేర్ సేవలు ప్రపంచవ్యాప్తంగా 27 నిమిషాలు దెబ్బతిన్నదీ రెజెక్స్ వల్లే.

పార్సర్ పేజీ మొత్తాన్ని తిరగరాస్తుంది, మార్చని చోట్ల కూడా ఖాళీలూ కోట్లూ మారిపోయి ఏది మనం మార్చామో తెలియకుండా పోతుంది అన్న అభ్యంతరంలో బలం ఉంది. చాలా పార్సర్ల విషయంలో అది జరుగుతుంది. దానికి విరుగుడు కూడా ఉంది. సోర్సులో ఏ పాఠం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గుర్తుంచుకుని, ఆ చోటును మాత్రమే మార్చే పనిముట్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. వర్డ్‌ప్రెస్ చాలాకాలం రెజెక్స్‌లతోనే ట్యాగులను సవరించింది. 2023 మార్చిలో వచ్చిన 6.2 వెర్షన్‌తో ట్యాగులను ప్రమాణం ప్రకారం చదివి, మిగతా సోర్సును కదిలించకుండా ఆట్రిబ్యూట్లను మార్చే సౌకర్యాన్ని తెచ్చుకుంది. పీహెచ్‌పీలో కూడా 2024 నవంబరులో వచ్చిన 8.4 వెర్షన్ నుంచి కొత్త ప్రమాణానికి తగిన పార్సర్ భాషలోనే ఉంది. పైథాన్‌లో బ్యూటిఫుల్ సూప్, జావాలో జేసూప్ ఏళ్లుగా ఉచితంగా దొరుకుతున్నాయి. లైసెన్సు కొనాల్సిన పని లేదు. ఇక పేజీలు డేటాబేసులో ఉన్నాయి కాబట్టి అక్కడే మార్చేస్తామనేవాళ్లకు ఒక్క మాట. వర్డ్‌ప్రెస్ లాంటి వ్యవస్థలు కొన్ని సెట్టింగులను వాటి పొడవుతో సహా దాచుకుంటాయి. లోపలి పేరు పొడవు మారి, పక్కన రాసిన అంకె మారకపోతే ఆ సెట్టింగు చదవడానికి రాదు.

సమయం లేదు, గడువు మూడు రోజులే అన్నది అన్నిటికన్నా నిజమైన అభ్యంతరం. దాన్ని మీ సాంకేతిక సిబ్బంది మీద వెయ్యడం న్యాయం కాదు. మూడు రోజుల్లో చెయ్యగలిగింది హోం పేజీ, శీర్షికలు, లోగో, ఇప్పుడు నడుస్తున్న సేవల పేజీలు. వాటిని చేత్తోనే మార్చండి. మిగతా పేజీలకు ఆరు నెలలు పట్టినా నష్టం లేదు. పాత ఉత్తర్వుల పేజీలకు పైన ఒక గమనిక పెడితే చాలు: ఈ పత్రం వెలువడిన నాటి పేరు ఇది, ఇప్పటి పేరు ఇది. గడువులు పెట్టే పై అధికారులు కూడా ఈ తేడాను ఉత్తర్వులోనే రాయాలని నా మనవి.

మీ నుంచి కోరేది ఇది. వెబ్‌సైటు నిర్వహణ టెండర్లలో, ఏజెన్సీలతో ఒప్పందాల్లో ఒక షరతు చేర్చండి. మూకుమ్మడి మార్పులు పార్సర్ ద్వారా పాఠం మీదే జరగాలి. బొమ్మల వివరణలు, పేజీ శీర్షిక, సెర్చ్ ఇంజిన్ చూపించే సారాంశం లాంటి చదివే భాగాలను కూడా ఎంచి మార్చాలి, లేకపోతే స్క్రీన్ రీడర్ వాడే అంధులకు పాత పేరే వినిపిస్తూ ఉంటుంది. భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాల్లో ఆ పాఠకుల హక్కుకు ఇప్పటికే చోటుంది. తెలుగు పాఠాన్ని వెతికే ముందు నార్మలైజ్ చెయ్యాలి, విభక్తి రూపాల జాబితా తెలుగు తెలిసినవాళ్లతో తయారు చేయించాలి. మార్పుకు ముందు పూర్తి నకలు తీసి ఉంచాలి, ఎక్కడెక్కడ ఏ మాట ఏమైందో పట్టిక తయారు చేసి ఒక మనిషి సంతకంతో ఆమోదించాలి. చిరునామా మారిన ప్రతి పేజీకీ పాత చిరునామా నుంచి కొత్తదానికి దారి మళ్లింపు ఉండాలి. అన్నిటికన్నా ముందు, ఏ విభాగంలోని పత్రాలు ఎప్పటికీ మార్చకూడనివో రాతపూర్వకంగా ప్రకటించాలి. మీ దగ్గర ఉన్నవి ఈ రెండు రాష్ట్రాల ప్రజల భూములకు, ఉద్యోగాలకు, పింఛన్లకు సంబంధించిన కాగితాలు. ఇంకో పేరు మార్పు ఉత్తర్వు వచ్చేలోగా ఈ షరతును మీ ఒప్పందాల్లో చేర్చమని వేడుకుంటున్నాను.